సాయంత్రం కోసం తొక్కండి

మీకు ఒక వాద్యం వచ్చు. సైకిల్ తొక్కే ఓపిక ఉంది. జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో చదువుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ, ఒక్క వేసవైనా మధ్యధరా తీరం వెంబడి ఊరూరా ఆగి వాయించుకుంటూ వెళ్ళాలని మనసులో ఉంది. మరి ఎందుకు బయల్దేరలేదు?

చాలామంది చెప్పే కారణం ఒకటే. “వీధిలో నిలబడి వాయించేంత బాగా నాకు రాదండీ.” ఆ సంగతి కాసేపట్లో చూద్దాం. అంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది. ధైర్యం చేసి బయల్దేరినవాళ్ళు కూడా వాద్యాన్ని పెట్టెలోంచి సరిగా తీయకుండానే ఇల్లు చేరుతుంటారు. ఎందుకంటే వాళ్ళు పథకం వేసుకున్నది సైకిల్ యాత్రకు. రోజుకు 90 కిలోమీటర్లు, పది రోజులు, ఇన్ని ఊళ్ళు అని మ్యాపులో గీత గీసి, చివర్లో క్యారియర్ మీద వయొలిన్ పెట్టె కట్టారు. సాయంత్రం ఏడింటికి ఊళ్ళోకి చేరేసరికి ఆకలి, చెమట, డేరా ఎక్కడ వేయాలన్న బెంగ. జనం షికారుకు బయటికొచ్చే ఆ వేళకే ఒంట్లో ఉన్న శక్తంతా అయిపోతుంది.

తొక్కడానికీ వాయించడానికీ ఉన్నవి అవే చేతులు, అదే ఒళ్ళు, అదే రోజు. ముందు సాయంత్రాన్ని కాపాడుకుని, మిగిలిన దాంట్లో కిలోమీటర్లు సర్దుకోవాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పేదంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

ఇది కొత్త పిచ్చేమీ కాదు. 1935లో లారీ లీ అనే ఇంగ్లండు కుర్రవాడు వయొలిన్ పట్టుకుని స్పెయిన్‌లోని వీగో రేవులో దిగాడు. వీధుల్లో వాయించుకుంటూ దేశం దక్షిణపు కొసదాకా కాలినడకన వెళ్ళాడు. అల్మునేకర్ అనే సముద్రతీరపు ఊళ్ళో ఉండగా అంతర్యుద్ధం మొదలైంది. ఆ ప్రయాణం మీద అతను రాసిన పుస్తకం 1969లో వచ్చింది. అతనికి సైకిల్ లేదు. మీకుంది, అయినా నడిచేవాడి నిదానం మీకు కావాలి.

1. కిలోమీటర్లు సగానికి కోయండి

సామానుతో, తీరప్రాంతపు ఎత్తుపల్లాల్లో, రోజుకు 35 నుంచి 45 కిలోమీటర్లు చాలు. గంటకు పన్నెండు, పద్నాలుగు వేసుకున్నా మూడు గంటల పని. పొద్దున ఏడింటికి ఎక్కితే ఎండ ముదిరేలోపు దిగిపోతారు. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా ఈ ఊళ్ళు కునుకు తీస్తాయి. చాలా దుకాణాలు మూసే ఉంటాయి. మీరూ నీడ చూసుకుని పడుకోండి. అయిదింటికి లేచి ఎవరికీ ఇబ్బంది లేని చోట అరగంట సాధన. ఆరున్నరకు ఊళ్ళోకి.

ఇంకో మాట. ప్రతి ఊళ్ళో కనీసం రెండు సాయంత్రాలు ఉండండి. మొదటి సాయంత్రం మీరు పరాయివాళ్ళు. రెండో సాయంత్రం, నిన్న ఐస్‌క్రీమ్ తింటూ మీ ముందు నుంచి వెళ్ళిన పిల్లే వాళ్ళమ్మ చెయ్యి పట్టి లాక్కొస్తుంది. మొదటి రోజు చూపు కూడా తిప్పని బల్లమీది పెద్దాయన రెండో రోజు తలూపుతాడు. ఊరికి ఒక్క సాయంత్రం చొప్పున పరుగులు తీసేవాళ్ళకు ఇది ఎన్నటికీ దొరకదు.

2. మొదటిసారికి చిన్న తీరాన్ని ఎంచుకోండి

యూరోవెలో 8 అనే సైకిల్ దారి స్పెయిన్‌లోని కాదిస్ నుంచి తుర్కియేదాకా, సైప్రస్‌దాకా ఏడున్నర వేల కిలోమీటర్లు పోతుంది. ఆ అంకె చూసి ఉబ్బిపోకండి. కొన్నిచోట్ల అది చక్కటి సైకిల్ బాట, కొన్నిచోట్ల లారీలతో పంచుకునే రోడ్డు. క్రొయేషియా తీరపు పెద్ద రోడ్డు చూడ్డానికి అద్భుతం. కానీ సన్నగా ఉండి, వేసవిలో కార్లతో కిటకిటలాడుతుంది. మొదటి యాత్రకు వద్దంటాను.

నన్నడిగితే మొదటి యాత్ర ఇటలీలోని లిగూరియా తీరంలో చేయండి. సాన్ లొరెంజో అల్ మారె నుంచి ఓస్పెదలెత్తి దాకా 24 కిలోమీటర్ల సైకిల్ బాట ఉంది. ఒకప్పుడు అక్కడ రైలు నడిచేది. 2001లో లైను లోపలికి మారాక ఆ పాత కట్ట సైకిళ్ళకు దక్కింది. రైలుకట్ట కాబట్టి చదును, పైగా సముద్రం పక్కనే. సాన్‌రెమో, ఓస్పెదలెత్తి మధ్య సొరంగం ఒక్కటే దాదాపు 1.75 కిలోమీటర్లు. దాని గోడల మీద 1907లో మొదలైన మిలాన్–సాన్‌రెమో సైకిల్ పందెం చరిత్ర చదువుకుంటూ చల్లగా తొక్కొచ్చు. దారిలో ప్రతి కొన్ని కిలోమీటర్లకూ ఒక ఊరు, ఊరికో నడకదారి.

సాన్‌రెమో ఊరికి పాట కొత్త కాదు. 1951 నుంచి అక్కడ ఏటా పాటల పోటీ జరుగుతోంది. లోకమంతా ‘వొలారె’ అని పిలుచుకునే దొమెనికో మొదూన్యో పాట 1958లో అక్కడే గెలిచింది. తూర్పుగా ఇంపేరియా దాటితే మూడు కొండకొమ్ములు వరసగా ఎదురవుతాయి: కాపో బెర్తా, కాపో చెర్వో, కాపో మేలె. అక్కడ చెమట పడుతుంది. అయితే వాటి మధ్యే చెర్వో అనే కొండమీది ఊరుంది. 1964 నుంచి వేసవిలో అక్కడి చర్చి ముందరి మెట్ల మీద శాస్త్రీయ సంగీత కచేరీలు జరుగుతున్నాయి. ఒక రాత్రి శ్రోతగా కూర్చోండి. రోజూ వాయించేవాళ్ళకు మధ్యమధ్య వినడం కూడా కావాలి.

తిండి సంగతీ చెప్పేస్తాను. శాకాహారులకు ఈ తీరం మంచిది. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద పళ్ళెంలో పొయ్యిలో కాల్చే ఫరినాతా కడుపు నింపుతుంది. సరిహద్దు దాటి నీస్ వెళ్ళినా సొక్కా అన్న పేరుతో దాదాపు అదే దొరుకుతుంది.

వయొలిన్ వాయించేవాళ్ళకు ఇంకో తీరం చెబుతాను. స్లొవేనియాకు ఉన్న సముద్రతీరమే 47 కిలోమీటర్లు. అందులో పిరాన్ అనే చిన్న ఊరుంది. వయొలిన్ విద్వాంసుడు జుసెప్పె తర్తీని 1692లో పుట్టింది అక్కడే. ఊరి నడిబొడ్డు కూడలికి ఆయన పేరే పెట్టారు. మధ్యలో ఆయన విగ్రహం ఉంది. అక్కడి నుంచి సెచోవ్లే ఉప్పుమళ్ళ పక్కగా పరెంజానా దారి క్రొయేషియాలోకి పోతుంది. 1902 నుంచి 1935 దాకా త్రియెస్తె, పొరెచ్ ఊళ్ళ మధ్య నడిచిన చిన్న రైలు కట్ట అది, మొత్తం 123 కిలోమీటర్లు. క్రొయేషియా వైపు కంకర దారి, ఎక్కుడు కూడా ఉంది. టైరు వెడల్పు 40 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి.

ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్ళకైతే తులూజ్ నుంచి 1681లో తెరిచిన మిదీ కాలువ గట్టు వెంబడి సముద్రానికి దిగి, సెత్ రేవు చేరడం సులువు. గాయకుడు జార్జ్ బ్రాసాంస్ పుట్టిన ఊరది. గిటార్ పట్టుకున్న మనిషిని అక్కడ ఎవరూ వింతగా చూడరు.

3. చేతులను కాపాడుకోండి

సైకిల్ పుస్తకాలు మోకాళ్ళ గురించి చెబుతాయి. మీకు అంతకంటే ముఖ్యం వేళ్ళు. గంటల తరబడి హ్యాండిల్ మీద బరువు మోపితే అరచేతి అంచున, చిటికెన వేలి కిందుగా పోయే నరం నొక్కుకుంటుంది. ఉంగరపు వేలూ చిటికెన వేలూ తిమ్మిరెక్కుతాయి. వయొలిన్ తీగ మీద మీ మూడో వేలు, నాలుగో వేలు అవే కదా!

ఏం చేయాలి? హ్యాండిల్ ఎత్తు పెంచండి, వీపు కాస్త నిటారుగా ఉండాలి. సీటు ముక్కు కిందికి వంగి ఉంటే బరువంతా చేతుల మీదికే జారుతుంది, దాన్ని సమం చేయండి. మెత్త ఉన్న చేతి తొడుగులు వేసుకోండి. పది నిమిషాలకోసారి పట్టు మార్చండి. టైర్లలో గాలి రాయిలా బిగించకుండా, బరువుకు తగ్గట్టు కొంచెం తగ్గిస్తే అదురు తగ్గుతుంది. దిగాక కనీసం రెండు గంటలు వాద్యం ముట్టుకోకండి. మర్నాటికీ తిమ్మిరి పోలేదా? ఆ రోజు తొక్కొద్దు. రైలెక్కండి. రోజులు గడిచినా పోకపోతే డాక్టరును కలవండి, ఓర్చుకుంటూ వాయించకండి.

4. వాద్యం ఎండలో ఉండకూడదు

వయొలిన్ ముక్కల్ని అతికించే సరేసుకు వేడి పడదు. నల్లటి పెట్టెను మిట్టమధ్యాహ్నం క్యారియర్ మీద వదిలేస్తే అతుకులు విడిపోతాయి. లేత రంగు గుడ్డ చుట్టండి. ఆగిన ప్రతిచోటా ముందు వాద్యాన్ని నీడలో పెట్టి, తర్వాత నీళ్ళు తాగండి. వెదురు వేణువు తేలిక, కానీ పొడిగాలికి బీట వారుతుంది. సన్నగా నూనె రాసి గుడ్డలో చుట్టుకోండి, రెండోది దగ్గరుంచుకోండి. ఉప్పుగాలి ఉక్కు తీగల్ని తినేస్తుంది కాబట్టి రాత్రి పడుకునే ముందు తుడవడం తప్పదు. బరువు సామాను క్యారియర్‌కు రెండు పక్కలా కిందికి, వాద్యం పైన, కింద మెత్తటి చాప మడత. హార్మోనియం తేవాలనుకుంటున్నారా? ఈ యాత్రకు వద్దు. కంజీర, మోర్సింగ్, మాండలిన్ అయితే నిక్షేపంగా తెచ్చుకోండి.

5. కాగితాల సంగతి ముందే తేల్చుకోండి

ఇక్కడ మొహమాటపడకుండా చెబుతాను. భారతీయ పాస్‌పోర్టుతో షెంగెన్ టూరిస్టు వీసా మీద వస్తే, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండగలరు. డబ్బు సంపాదించే పని చేసే హక్కు ఆ వీసాకు లేదు. విద్యార్థులూ అంతే జాగ్రత్తగా ఉండాలి. మీకు పర్మిట్ ఇచ్చిన దేశంలో పనిచేసే హక్కు ఉన్నా, పక్క దేశంలో అది చెల్లదు. మీ ముందు పెట్టిన టోపీలో పడిన చిల్లర సంపాదన కాదని మీకు మీరే తీర్మానించుకోకండి.

నా సలహా ఇది. యాత్ర ఖర్చంతా ఇంటి నుంచే తెచ్చుకోండి. హక్కు ఉందని తేలేదాకా టోపీ పెట్టకుండా, పెట్టె మూసి వాయించండి. దాంతో మీకు పోయేది కొంచెం చిల్లర, దక్కేది పూర్తి నిశ్చింత. వీసాకు కావలసిన వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. సైకిల్ ప్రయాణాన్ని అది కవర్ చేస్తుందో లేదో చదివి చూసుకోండి.

వీసా ఒక ఎత్తు, ఊరి అనుమతి ఇంకో ఎత్తు. ఏ ఊరి నియమం ఆ ఊరిదే. ఒకచోట ఉచితంగా కాగితం ఇస్తారు, ఇంకోచోట ఫలానా కూడలిలో ఫలానా వేళల్లోనే అంటారు, మరోచోట అసలు వద్దంటారు. మైకు, స్పీకరు చాలాచోట్ల కుదరదు. అంటే ఫోన్లో శ్రుతి పెట్టి స్పీకరుకు తగిలించే అలవాటు మానుకోవాలి. ఊరు చేరిన వెంటనే మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళండి. ఫ్రాన్స్‌లో మేరీ అంటారు, ఇటలీలో కొమూనె, స్పెయిన్‌లో అయుంతమియెంతో. పోలీసు వచ్చి ఆపమంటే వాదన వద్దు. నవ్వుతూ ఆపి, “మరి ఎక్కడ వాయించొచ్చు?” అని అడగండి. చాలాసార్లు మంచి చోటు వాళ్ళే చెబుతారు.

6. చోటు: జనం ఎక్కువున్న చోట కాదు, నెమ్మదించే చోట

కొత్తవాళ్ళు చేసే తప్పు రైల్వే స్టేషను ముందో సూపర్‌మార్కెట్ ముందో నిలబడటం. అక్కడ జనం ఉంటారు, కానీ పరుగులో ఉంటారు. మీకు కావలసింది ఊసుపోక నడిచే జనం. ఇటలీలో ఆరు నుంచి ఎనిమిది దాకా ఊరంతా శుభ్రంగా తయారై నడకకు వస్తుంది. స్పెయిన్‌లో ఇంకా ఆలస్యం, రాత్రి భోజనమే తొమ్మిది దాటాక. వీపు వెనక గోడ ఉంటే శబ్దం ముందుకు పోతుంది. సముద్రానికి మరీ దగ్గరైతే గాలి మీ స్వరాన్ని ఎత్తుకుపోతుంది. ఒడ్డు నుంచి ఒక వీధి లోపలికి, రాతి కమాను కిందో చిన్న కూడలి మూలనో నిలబడి చూడండి. హోటలు బల్లలకు మరీ దగ్గరగా వద్దు. పక్కనే దుకాణం ఉంటే ముందు లోపలికెళ్ళి అడగండి. గంట కాగానే చోటు మార్చండి, ఆ వీధిలో పనిచేసేవాళ్ళకు చెవులుంటాయి.

క్రొయేషియాలోని జదార్ వెళ్తే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. 2005లో నికోలా బషిచ్ అనే వాస్తుశిల్పి అక్కడి ఒడ్డు మెట్ల కింద గొట్టాలు అమర్చాడు. అలలు వాటిలోకి గాలిని నెడితే మెట్లే మోగుతాయి. ఆ చుట్టుపక్కల వాద్యం తీయకండి. అది వినడానికి వచ్చినవాళ్ళకు అడ్డుపడొద్దు.

7. నలభై సెకన్ల శ్రోత

మీ వాద్యం ఇటు ఇరవై అయిదు మీటర్లు, అటు ఇరవై అయిదు మీటర్లు వినిపిస్తుందనుకుందాం. మామూలుగా నడిచే మనిషి ఆ యాభై మీటర్లు దాటడానికి పట్టేది నలభై సెకన్లు. ఆలోపు అతను ఆగాలా వద్దా తేల్చుకుంటాడు.

చిన్నప్పుడు గురువుగారి దగ్గర పదేళ్ళు వయొలిన్ నేర్చుకున్న ఒక అమ్మాయి తొలి సాయంత్రం తోడి ఆలాపనతో మొదలుపెట్టిందనుకోండి. ఎంత గొప్పగా సాగినా, అది విప్పుకునేలోపు వంద మంది దాటిపోతారు. అదే అమ్మాయి మోహనలోనో హంసధ్వనిలోనో నేరుగా పల్లవి ఎత్తుకుంటే? నడక తాళంలో పడుతుంది, అడుగు నెమ్మదిస్తుంది. నలుగురు ఆగాక అప్పుడు ఆలాపన చేయండి. ఆగినవాళ్ళు వింటారు.

మన దగ్గర ఈ పనికి సరిగ్గా సరిపోయే నిధి ఒకటుంది: ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు. కంపెనీ కాలంలో చెన్నపట్నంలో విన్న పాశ్చాత్య బ్యాండు బాణీలకు ఆయన సంస్కృతంలో సాహిత్యం కట్టారు. శంకరాభరణం స్వరాల్లో, చిన్నచిన్నవి. యూరపు చెవికి వెంటనే అందుతాయి, అయినా మన ఇంటివి. నాలుగు నేర్చుకుని వెళ్ళండి. వాటితోపాటు ఏ దేశంలో ఉన్నారో ఆ దేశపు పాట ఒక్కటి.

మొత్తం ఎన్ని కావాలి? బాగా వచ్చినవి పన్నెండు చాలు. జనం మారుతుంటారు కాబట్టి మళ్ళీ మొదటికి వెళ్ళొచ్చు. “అంత బాగా రాదండీ” అన్న భయానికి జవాబు కూడా ఇదే. వీధి మిమ్మల్ని కచేరీ చేయమనడం లేదు. శ్రుతిలో, తాళంలో, తడబడకుండా మూడు నిమిషాలు అడుగుతోంది. అది మీకు వచ్చు.

కర్ణాటక పద్ధతి వయొలిన్ వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. మనం కింద కూర్చుని, వాద్యం కొసను కాలి మడమ దగ్గర ఆనించి వాయిస్తాం. నడకదారిలో అలా కూర్చుంటే మీకు కనిపించేవి మోకాళ్ళే, ముఖాలు కావు. బయల్దేరే రెండు నెలల ముందు నుంచి భుజానికి ఆనుకునే పట్టీ పెట్టుకుని నిలబడి వాయించడం సాధన చేయండి. గమకాలు మొదట్లో జారుతాయి. పట్టు కుదరకపోతే, మడతపెట్టే ఎత్తు పీట ఒకటి సామానులో పెట్టుకోండి.

8. గాలి, రైలు, పడక

రోన్ లోయ నుంచి మిస్త్రాల్, పెర్పిన్యాన్ వైపు త్రమొంతాన్, ఏడ్రియాటిక్ ఉత్తరాన బోరా. ఈ మూడు గాలుల్లో ఏది హెచ్చరికలో ఉన్నా ఆ రోజు ప్రయాణం మానేయండి, ఆ ఊళ్ళోనే ఇంకో సాయంత్రం కలిసొచ్చిందనుకోండి. ఇటలీలో సైకిల్ బొమ్మ ఉన్న ప్రాంతీయ రైళ్ళలో సైకిల్‌కు విడిగా చిన్న టికెట్ తీసుకుని ఎక్కించొచ్చు. అదే దేశంలో సొరంగాల్లో, చీకటి పడ్డాక ఊరి బయటి రోడ్ల మీద మెరిసే జాకెట్ తప్పనిసరి. స్పెయిన్‌లో ఊరి బయట హెల్మెట్ తప్పనిసరి. ఎక్కడపడితే అక్కడ డేరా వేయడం ఈ తీరాల్లో చాలాచోట్ల నేరం, జరిమానా పడుతుంది. క్యాంపింగ్ స్థలాలు చూసుకోండి, లేదా సైకిల్ యాత్రికులకు ఇంట్లో చోటిచ్చే వార్మ్‌షవర్స్‌లో ముందే చేరండి. ఆగస్టులో అన్నీ నిండిపోతాయి. ఆగస్టు 15 ముందూ వెనకా ఇటలీ మొత్తం సముద్రం దగ్గరే ఉంటుంది. సెప్టెంబరు మేలు. ఎండ తగ్గుతుంది, నీళ్ళు ఇంకా వెచ్చగా ఉంటాయి, స్థానికులు తమ ఊరిని మళ్ళీ తాము అనుభవిస్తుంటారు.

టోపీ పెట్టే హక్కు ఉన్నవాళ్ళు చిల్లర బరువు కూడా లెక్కేసుకోవాలి. ఒక యూరో నాణెం ఏడున్నర గ్రాములు, వంద నాణేలంటే ముప్పావు కిలో. రోజూ పొద్దున బేకరీలో అడిగి నోట్లుగా మార్చుకోండి, వాళ్ళకూ చిల్లర కావాలి.

9. బయల్దేరే ముందు నోటికి రావలసిన ప్రశ్న

“ఇక్కడ వాయించొచ్చా?” ఇటలీలో: “పొస్సో సువొనారె క్వి?” స్పెయిన్‌లో: “ప్వేదో తొకార్ అకీ?” ఫ్రాన్స్‌లో: “జ ప జువే ఇసీ?” పిరాన్‌లో ఇటాలియన్ కూడా అధికార భాషే, కాబట్టి మొదటిది అక్కడా పనికొస్తుంది. కాగితం చూడకుండా అనగలిగేదాకా గట్టిగా చెప్పి చూసుకోండి. ఆ తర్వాత ఈ వారాంతంలోనే, మీరిప్పుడుంటున్న ఊళ్ళో అనుమతి కనుక్కుని, సామానంతా సైకిల్‌కు కట్టి ముప్పై కిలోమీటర్లు తొక్కి వచ్చి, అదే సాయంత్రం పార్కులో అరగంట వాయించండి. వేళ్ళు ఎలా ఉన్నాయో రాసుకోండి. మూడో వేలు తిమ్మిరెక్కిందా, హ్యాండిల్ ఇంకో రెండు సెంటీమీటర్లు ఎత్తండి.